బోర్లించిన గిన్నెలు

అరచేతిలో ఉప్పు.

దొడ్డుప్పు. కొంచెం తడి. గీతల్లోకి దూరి, వేళ్ళ మొదళ్ళలో చల్లగా తగిలే ఉప్పు.

మనోరమ చెయ్యి మూసింది. తెరిచింది. మళ్ళీ మూసింది. చిన్న స్టీలు గిన్నెలోకి వదిలింది. గింజలు అడుగు తాకి గలగలమన్నాయి.

ఈ చేతికి లెక్క తెలుసు. ఇంట్లోవాళ్ళకు ఎంత, పెళ్ళివారికి ఎంత, జ్వరం పడి లేచినవాళ్ళ చారులోకి ఎంత — చెయ్యి డబ్బాలోకి వెళ్తుంది, వస్తుంది, అంతే. ఆమె ఏనాడూ పొయ్యి దగ్గర నిలబడి రుచి చూడలేదు. చూస్తే ఎంగిలి. ఎంగిలి చేసింది దేవుడికి పనికిరాదు, పోయిన పెద్దలకు అసలే పనికిరాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్తగారు చెప్పిన మొదటి మాట అది. చెప్పి ఊరుకోలేదు. బతికున్నంత కాలం వంటింటి గడపలో పీట వేసుకుని కాపలా కాసింది.

ఇవాళ ఆ అత్తగారికే వంట.

పెత్రమాస. పోయినవాళ్ళకు ఇంటింటా అన్నం పెట్టే అమావాస్య. చిక్కడపల్లి మార్కెట్ మొదట్లో తంగేడు మోపులు, గునుగు కట్టలు రోడ్డు మీదే పోసి అమ్ముతున్నారు. మధ్యాహ్నం పెద్దలు, సాయంత్రం బతుకమ్మ. పోయినవాళ్ళకు అన్నం, ఉన్నవాళ్ళకు పూలు... ఒక్క రోజులోనే రెండూ. బాల్కనీలో బకెట్ నిండా గునుగు నిలబడి నీళ్ళు పీలుస్తోంది. ఆ పచ్చి వాసన వంటింటి దాకా వస్తోంది.

వాన ఆగింది. ఆగనట్టే ఉంది.

ఈ వంటింట్లో ఆమె ఒంటరిగా నిలబడి ఏడాది దాటింది.

ఎవరూ రావద్దనలేదు. ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆమెను ఏమీ అనరు. నవ్వుతారు. స్టవ్వు వెలిగించే లైటర్ మాత్రం ఉండాల్సిన చోట ఉండదు. సిలిండర్ మీద రెగ్యులేటర్ ఎప్పుడు చూసినా కట్టేసే ఉంటుంది. ఒకసారి పాలు పెట్టి మరిచిపోయింది — గిన్నె మాడి, కిటికీ కర్టెన్ అంచు అంటుకుంది. ఇంకోసారి గ్యాస్ తిప్పింది, వెలిగించడం మరిచింది, స్నానానికి వెళ్ళింది. ఆ రోజు రాఘవేందర్ ఆఫీసు నుంచి ముందే వచ్చాడు కాబట్టి సరిపోయింది. రాకపోతే ఇవాళ ఆమెకు కూడా ఒక ఆకు వేయాల్సి వచ్చేది.

రాఘవేందర్ ఆమె భర్త. మంచివాడు. ఆ మంచితనంతోనే ఆమెకు ఊపిరాడకుండా చేస్తాడు.

పోయిన వారం ఆయన ఫోన్ మాట్లాడుతుంటే వింది. అవతల చెల్లెలు భాగ్యశ్రీ, విద్యానగర్ నుంచి.

"నువ్వు చెప్పిన వంటామె... నర్సింహమ్మ. పండుగ కాంగనే రమ్మను. ఇగ మనోరమకు వంటింట్ల పనేం వద్దు."

నిన్న ఏం తిన్నదో మరిచిపోయే మనిషి, ఈ మాట మాత్రం మరిచిపోలేదు. అదేం చోద్యమో. పొద్దున లేస్తే అదే మాట, పడుకుంటే అదే మాట. వంటింట్ల పనేం వద్దు. పనేం వద్దు.

మర్నాడు ఆయన చాయ్ తాగుతుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెత్రమాస వంట నేను చేస్త. ఒక్కదాన్నే చేస్త. మంచిగ కాకుంటే నర్సింహమ్మను తెచ్చుకోండి. అప్పుడు నేనేమన."

ఆయన కప్పు కింద పెట్టాడు. సరే అన్నాడు.

ఇవాళ తెల్లవారి రెగ్యులేటర్ ఆయనే తిప్పాడు. లైటర్ ఆమె చేతిలో పెట్టాడు. హాల్లోకి వెళ్ళి పేపర్ తెరిచాడు.

అప్పటి నుంచి పేజీ తిప్పిన చప్పుడు లేదు.

జబ్బు రక్తంలో వచ్చింది. లుకేమియా అన్నారు. మందులకు తగ్గినట్టే తగ్గి, దొంగలా వెళ్ళి మెదడు చుట్టూ ఉండే నీళ్ళలో దాక్కుంది. అక్కడికి మందు సరిగ్గా చేరదట. తలకు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్ అని డాక్టర్ల మాట. కరెంటు పెట్టడం అని జనం మాట. పెట్టించుకున్నాక ఆమెకు జనం మాటే నయమనిపించింది.

వేడి చేసిన వల ఒకటి ముఖం మీద పరిచి అచ్చు పోశారు. ఆ అచ్చుతో తలను బల్లకు బిగించారు. కదలొద్దమ్మా అన్నారు. అందరూ బయటికి వెళ్ళారు, తలుపు పడింది. కళ్ళు మూసుకుంది.

మూసిన కళ్ళలో నీలి వెలుగు.

నొప్పి లేదు. మంట లేదు. నీలి వెలుగు వచ్చింది, పోయింది. పోతూ పోతూ ఏం పట్టుకుపోయిందో ఆ రోజు తెలియలేదు.

డాక్టర్ ముందే చెప్పాడు. కొంచెం మతిమరుపు రావచ్చు, ఆలోచన కొంచెం నెమ్మదించవచ్చు, ప్రాణం ముఖ్యం కదమ్మా అన్నాడు. ప్రాణమే ముఖ్యం. ఎవరు కాదన్నారు? ప్రాణం ఉంది. జుట్టు కూడా వచ్చింది, మునుపు లేని ఉంగరాలు తిరిగి. చుట్టాలు వచ్చి ఆ ఉంగరాలు చూసి తెగ సంబరపడ్డారు. ఇంకేం, మామూలు మనిషివి అయిపోయినవ్ అన్నారు. చాయ్ తాగి వెళ్ళారు.

లోపలి సంగతి జుట్టు చెప్పదు.

పాతవి ఉన్నాయి. పెళ్ళిచీర అంచు రంగు, కూతురు అనూహ్య పుట్టిన నాటి వాన, అత్తగారి దగ్గు — అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఇప్పుడు జరిగింది ఉండదు. తలుపు వేశానా. మాత్ర మింగానా. నువ్వేం అడిగావు ఇందాక... గడప దాకా వస్తాయి, లోపలికి రాకుండా తిరిగిపోతాయి. ఆలోచన కూడా అంతే. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారుతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే రెండూ జారతాయి.

ఉప్పు ఎంత వెయ్యాలో చేతికి తెలుసు.

వేసిందో లేదో — అదే తెలియదు.

అందుకని ఒక ఉపాయం ఆలోచించింది. రోజుల తరబడి ఆలోచించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు. ఆ అయ్యో ఆమెకు అసలు పడదు.

ఒక్కో వంటకు ఒక్కో చిన్న గిన్నె. పొద్దున్నే, ఇల్లు లేవకముందే, ఉప్పు తీసి వరుసగా పెట్టేసింది. ఇది పప్పుకు. ఇది గోరుచిక్కుడు కూరకు. ఇది చామగడ్డ పులుసుకు. చివరిది వడల పిండికి. వేశాక గిన్నె బోర్లించాలి. బోర్లిస్తే వేసినట్టు. వెల్లకిలా ఉంటే వేయనట్టు. ఇక మెదడుతో పనేముంది? చూసుకుంటే చాలు.

పప్పు ఉడికింది. ఉప్పు వేసింది. గిన్నె బోర్లించింది.

టక్.

ఎంత ముద్దొచ్చిందో ఆ చప్పుడు. కూర మగ్గింది. ఉప్పు వేసింది. టక్. ఆమెకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత తన మీద తనకు ముచ్చటేసింది.

ఎదురింటి హాస్టల్ కిటికీలో ఒక అమ్మాయి చదువుకుంటోంది. అశోక్‌నగర్ ఉద్యోగ పరీక్షల కోచింగ్ పిల్లలు ఈ సందుల దాకా నిండిపోయారు. గోదావరి ఉపనదులు... మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. మళ్ళీ మొదటి నుంచి. మంజీర, ప్రాణహిత... ఆగింది. మరిచిపోయినట్టుంది. మళ్ళీ మంజీర.

నువ్వూనా తల్లీ, అనుకుంది మనోరమ.

భాగ్యశ్రీ వచ్చింది. చేతిలో అరిటాకులు, చంకలో తంగేడు కట్ట, నుదుటి మీద చెమట. జబ్బు వచ్చినప్పటి నుంచి ఈ ఇంటి పెత్రమాస ఆమే వండింది. వంటింటి గడపలో నిలబడి పొయ్యి చూసింది, గిన్నెలు చూసింది, వదిన ముఖం చూసింది. ఈ మనిషి కళ్ళకు మొహమాటం తెలియదు.

"చెయ్యి కలపనా వదినా?"

"వద్దు."

"సరే."

సరే అంది కానీ పోలేదు. డైనింగ్ టేబుల్ కుర్చీ ఇటు తిప్పుకుని, వంటింటికి ఎదురుగా కూర్చుని, తంగేడు ఆకులు తుంచడం మొదలుపెట్టింది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ కూర్చున్నట్టే కూర్చుంది. వీధి నిండా పరీక్షలు రాసే పిల్లలే, ఈ ఒక్క ఇంటికి మినహాయింపు ఎందుకు?

పులుసు కోసం చింతపండు పిసికింది. చామగడ్డలు అత్తగారికి ప్రాణం. ఆకు మీద ఇంకేం ఉన్నా ఆమె చెయ్యి ముందు పులుసు మీదికే పోయేది. బాగుంటే ఒక్క మాట అనేది కాదు. ఉప్పు ఒక్క కణం తేడా వచ్చినా వీధి చివరి దాకా వినిపించేది. ఆమె నోటికి వీధంతా భయపడేది. ఇవాళ ఫోటోలో ఉన్నా మనోరమకు ఆ భయం పోలేదు.

పోపు చిటపటలాడింది. చింతపండు రసం పోసింది. పసుపు, కారం, బెల్లం ముక్క. పులుసు అంచుల్లో చిన్నగా బుడగలు లేచాయి. చెయ్యి గిన్నెల వైపు వెళ్ళింది.

"మనోరమా, అయ్యగారు వచ్చిండు. స్వయంపాకం నువ్వే ఇయ్యాలె."

రాఘవేందర్ పిలుపు.

పెద్దల పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు పూజలు చేయించే అయ్యగారికి ఇంటి ఇల్లాలి చేతుల మీదుగానే ఇవ్వాలి. మంట తగ్గించింది. చేతులు తుడుచుకుంది. హాల్లోకి వెళ్ళింది. పళ్ళెం ఎత్తి ఇచ్చింది. అయ్యగారు పోయినవాళ్ళ పేర్లు అడిగాడు. రాఘవేందర్ చెప్పాడు. అయ్యగారు ఆరోగ్యం ఎట్లున్నదమ్మా అని అడిగాడు. బాగుంది అంది. జుట్టు మంచిగ వచ్చిందమ్మా అన్నాడు ఆయన కూడా.

తిరిగి వంటింట్లోకి వచ్చింది.

గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి.

అన్నీ. వరుసగా. తళతళా మెరుస్తూ, అంచుల చుట్టూ నీళ్ళు కారుతూ.

ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

వెనక తలుపు దగ్గర కురుమమ్మ కొంగు దులుపుకుంటోంది. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడి బస్తీలో ఉంటుంది, ఈ ఇంట్లో గిన్నెలు తోముతుంది, ఇక్కడి నుంచి అశోక్‌నగర్ హాస్టళ్ళకు పరుగెత్తుతుంది. ఏ గిన్నె కనబడినా కడగకుండా ఉండలేదు. పండుగ కదా అని ఇవాళ ఇంకాస్త శ్రద్ధగా కడిగింది.

"ఉప్పు గిన్నెలు తెరిచి పెట్టినవేందమ్మ, చీమలు పడ్తయ్ కద. ఉన్న ఉప్పు డబ్బల పోసి, కడిగి బోర్లిచ్చిన. పోయొస్త."

చెప్పులు మెట్ల మీద టపటపలాడాయి.

కడిగిన గిన్నెను బోర్లిస్తారు. ప్రపంచంలో ఎవరైనా బోర్లిస్తారు. రోజుల తరబడి ఆలోచించిన మనిషికి ఆ ఒక్క సంగతి తట్టలేదు.

పులుసు ఉడుకుతోంది.

వేశానా?

వేయలేదా?

చెయ్యి గిన్నెల వైపు వెళ్ళింది... అంతవరకు ఉంది. ఆ తర్వాత అయ్యగారి ముఖం. మధ్యలో ఏమీ లేదు. చెయ్యి చూసుకుంది. తుడుచుకున్న చెయ్యి. కడిగిన గిన్నెలు. సాక్ష్యం చెప్పేది ఒక్కటి లేదు.

ఆలోచించు, అనుకుంది. నెమ్మదిగా. ఒకదాని తర్వాత ఒకటి.

పప్పుకు వేశాను. టక్ అంది. కూరకు వేశాను. టక్ అంది. వడల పిండికి ఇంకా వేయలేదు, పిండి రోట్లోంచి తీసినట్టే ఉంది. కురుమమ్మ ఉన్న ఉప్పు డబ్బాలో పోశానంది. వడల గిన్నె ఒక్కదాంట్లో ఉంటే — పులుసుకు వేసినట్టు. రెండు గిన్నెల్లో ఉంటే — వేయనట్టు.

అడిగితే చాలు. ఒక్క మాట.

బాల్కనీలోకి పరుగెత్తింది. గునుగు బకెట్ కాలికి తగిలి నీళ్ళు ఒలికాయి. కింద సందులో కురుమమ్మ మలుపు దాకా వెళ్ళిపోయింది.

"కురుమమ్మా..."

కురుమమ్మ ఆగింది. తల పైకెత్తింది.

"ఏమైంది వదినా?"

పక్కన భాగ్యశ్రీ. తంగేడు పూలు పట్టుకుని వెనకే వచ్చింది. హాల్లో పేపర్ కిందికి దిగింది. దాని మీది నుంచి రాఘవేందర్ కళ్ళు.

అడగాలి. నేను పులుసులో ఉప్పు వేశానో లేదో నాకు తెలియడం లేదు, ఒక గిన్నెలో ఉండెనా రెండు గిన్నెల్లో ఉండెనా అని వీధి మొత్తానికి వినిపించేలా అడగాలి. అడిగిన మరుక్షణం వంటింట్లోకి నర్సింహమ్మ వస్తుంది.

కింద కురుమమ్మ ఎదురుచూస్తోంది.

"ఏం లేదు. రేపు జర పొద్దున్నే రమ్మంటున్న."

కురుమమ్మ తలూపింది. మలుపు తిరిగింది. పోయింది.

మనోరమకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మళ్ళీ పొయ్యి ముందు. పులుసు చిక్కబడుతోంది. ఎదురింటి కిటికీలో... మంజీర, ప్రాణహిత. గిన్నె మీద ఆవిరి. ముఖం దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఉప్పు పడిన పులుసుకు వాసనే వేరు అనేది అత్తగారు. పులుపు తెలిసింది. ఇంగువ తెలిసింది. ఇంకేం తెలియలేదు.

మంజీర, ప్రాణహిత...

గరిటెతో ఒక చుక్క తీసింది. ఎడమ అరచేతిలో వేసుకుంది. చురుక్కుమంది. ఎర్రటి చుక్క గీతల మధ్య నిలబడింది. నాలుక తాకిస్తే చాలు. భాగ్యశ్రీ తల వంచి ఆకులు తుంచుతోంది. ఎవరు చూస్తున్నారు? తలుపు సందులోంచి హాల్లో గోడ కనిపిస్తోంది. గోడ మీద అత్తగారు. కుంకుమ బొట్టు, బంతిపూల దండ, గదమాయించబోయి ఆగినట్టున్న ఆ మూతి.

బతికున్నప్పుడు ఒక్కసారి కూడా ఎంగిలి తినిపించలేదు. పోయాక, తిరిగి అడగలేని మనిషికి తినిపించనా?

చెయ్యి కడిగేసుకుంది. ఎర్రటి చుక్క సింకులోకి జారిపోయింది.

మరేం చేయాలి. వేయాలా. మానాలా. బయట కాకులు అప్పుడే అరుస్తున్నాయి. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఆకు వేయాలి. ఇదివరకు ఇలాంటప్పుడు ఆలోచన సగంలో తెగిపోయేది, ఆమె అక్కడే నిలబడిపోయేది, ఎవరో ఒకరు వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టేవాళ్ళు.

ఇవాళ ఆమె పొయ్యి గట్టును రెండు చేతులా పట్టుకుంది.

వేసి ఉండి మళ్ళీ వేస్తే — ఉప్పు కషాయం. నోట పెట్టలేరు. తీయడానికి లేదు.

వేయకుండా ఉండి ఊరుకుంటే — చప్పిడి. కానీ మళ్ళీ వేసుకోవచ్చు.

తక్కువైతే కలుపుకోవచ్చు. ఎక్కువైతే తీయలేం.

కాబట్టి... వేయొద్దు.

ఊపిరి వదిలింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా పట్టింది. కానీ ఆలోచన మొదలైన చోటు నుంచి చివరి దాకా తెగకుండా నడిచింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరికి చెబుతుంది?

వడల పిండిలో మాత్రం ఉప్పు డబ్బాలోంచే తీసి వేసింది. వేస్తూ పైకే అంది, తనకు తాను వినిపించేలా. వేసిన. వడలకు వేసిన.

భాగ్యశ్రీ తల ఎత్తి చూసింది. మళ్ళీ ఆకుల మీదికి వంగింది.

ఆకు పరిచారు. సాంబ్రాణి పొగ లేచింది. అత్తగారి ఫోటో ముందు రాఘవేందర్ నీళ్ళు తిప్పి, తండ్రి పేరు, తల్లి పేరు, తాతల పేర్లు చెప్పుకున్నాడు. అన్నం, పప్పు, కూర, వడలు, పరమాన్నం. పులుసు చివర్లో వడ్డించింది మనోరమ. ఒక చుక్క ఆకు మీంచి నేల మీద పడింది.

పైన డాబా మీద ఇంకో ఆకు. కాకుల కోసం.

ఒక కాకి నీళ్ళ ట్యాంకు మీద వాలింది. మెడ తిప్పింది. అందరూ ఊపిరి బిగపట్టారు. దిగింది. పులుసన్నంలో ముక్కు పెట్టింది, తీసింది, వడ ఎత్తుకుని నారాయణగూడ వైపు ఎగిరిపోయింది.

"నానమ్మ వచ్చింది," అంది అనూహ్య సంతోషంగా.

రాఘవేందర్ కళ్ళు తుడుచుకున్నాడు. మనోరమ మాత్రం ఆకు మీద మిగిలిన పులుసన్నం చూస్తూ నిలబడింది. వడ ఉంటే ఏ కాకైనా వడే ఎత్తుకుపోతుంది. ఆ మాత్రం ఆమెకూ తెలుసు. అయినా చూస్తూ నిలబడింది.

కింద భోజనాలు. రాఘవేందర్, భాగ్యశ్రీ, అనూహ్య వరుసగా కూర్చున్నారు. అనూహ్య అందరి ఆకుల మూల కొంచెం కొంచెం ఉప్పు పెట్టింది. మనోరమ వడ్డించింది. పప్పు బాగుందన్నారు. కూర బాగుందన్నారు, అడుగంటిన ముక్కలు పక్కకు జరుపుతూ. వడలు నిజంగానే బాగున్నాయి. కొరికిన చప్పుడు వింటేనే తెలుస్తుంది.

పులుసు వంచింది.

అన్నం లోపలికి లోయలా చేసి రాఘవేందర్ కలుపుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

"మంచిగైంది."

"సూపర్ ఉందమ్మా," అంది అనూహ్య.

అయితే వేశాను.

వేశాను! వంటింట్లోకి వెళ్ళింది, గోడకు ఆనుకుంది, కొంగుతో ముఖం తుడుచుకుంది. వేశాను. చెయ్యికి గుర్తుంది. నర్సింహమ్మా, నువ్వు ఇంకో ఇల్లు చూసుకో. మారు అన్నం గిన్నె తీసుకుని హాల్లోకి వచ్చింది.

వంగి వడ్డిస్తుంటే కనిపించింది.

రాఘవేందర్ ఆకు మూల ఖాళీ. ఉప్పు లేదు. వేలితో గీరిన గీత ఉంది.

అనూహ్య ఆకు మూల ఖాళీ.

ఆమె వంటింట్లోకి వెళ్ళగానే ఇద్దరూ గబగబా కలుపుకున్నారు. కలుపుకుని, మూతి తుడుచుకుని, నవ్వు ముఖాలు పెట్టుకుని కూర్చున్నారు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎంత కోపమంటే చేతిలోని గిన్నె బరువెక్కింది. ఏడాదిగా వీళ్ళు ఇట్లాగే చేస్తున్నారు కాబోలు. ఆమె చెప్పిన మాటే మళ్ళీ చెబితే మొదటిసారి విన్నట్టు ఊ కొట్టి, ఆమె వేసిన తాళం మళ్ళీ వెళ్ళి చూసుకుని, ఆమె వెనక ఇల్లంతా చక్కబెట్టుకుంటూ... ఏది తన పని, ఏది వీళ్ళు సర్దిన పని? మెదడు ఎలాగూ చెప్పదు. మనుషులూ చెప్పకపోతే ఇక ఎవరిని అడగాలి?

భాగ్యశ్రీ ఆకు వైపు చూసింది.

మూలన ఉప్పు అలాగే ఉంది. ముట్టలేదు. పులుసన్నం సగం తిని, చెయ్యి ఆపి కూర్చుంది.

"వదినా, పులుసుల ఉప్పు లేదు."

"భాగ్యా," అన్నాడు రాఘవేందర్, గొంతు తగ్గించి. "ఊకో."

"ఎందుకు ఊకుంట? లేకుంటే లేదని చెప్పొద్దా? అమ్మ అయితే ఊకునేదా?" అన్న వైపు కూడా చూడలేదామె. "మీరిద్దరు అబద్ధం చెప్పి చెప్పి, ఉన్న నమ్మకం గూడ తీసేస్తున్నరు. పో వదినా. వేసుకరా. నాకు చప్పిడి తినబుద్ధయితలేదు."

అనూహ్య చెయ్యి ముద్దలోనే ఆగింది. ఎదురింటి అమ్మాయి కూడా ఆగింది.

మనోరమ వంటింట్లోకి నడిచింది. కోపం ఎటు పోయిందో తెలియదు. పులుసు గిన్నె మూత తీసింది. ఉప్పు డబ్బా తెరిచింది. చెయ్యి లోపలికి వెళ్ళింది, వచ్చింది.

"మనోరమా, నేను రానా?"

హాల్లోంచి రాఘవేందర్. ప్రేమగా. భయంగా.

"వద్దు," అంది.

ఆ ఒక్క మాట చాలు.

జారిపోయింది.

ఎదురుగా పులుసు గిన్నె. కుడి అరచేతిలో ఉప్పు. ఇది మొదటి పిడికెడా? ఒకసారి వేసి, మళ్ళీ తీసిందా? గరిటె పులుసులోనే ఉంది. కలిపిందా? పులుసు మీద చిన్న సుడి ఏదో తిరుగుతున్నట్టుంది. తిరగనట్టూ ఉంది. కళ్ళు మూసుకుంది. నీలి వెలుగు లేదు. చీకటి ఉంది, చీకట్లో గునుగు వాసన ఉంది, ఇంకేమీ లేదు.

బోర్లించడానికి గిన్నె లేదు.

తక్కువైతే కలుపుకోవచ్చు... ఆ దారి ఉంది. మళ్ళీ ఊరుకోవచ్చు. మళ్ళీ ఎవరో మూలలు గీరుకుంటారు. మళ్ళీ మంచిగైంది అంటారు.

కిటికీ అవతల గొంతు మొదలైంది. మంజీర, ప్రాణహిత... ఆగింది. ఇంకో గొంతు, ఇంకో అమ్మాయిది, పక్క నుంచి అందించింది. ఇంద్రావతి. మొదటి గొంతు అందుకుంది. ఇంద్రావతి, శబరి.

"భాగ్యా," అంది మనోరమ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జర ఇటు రా."

భాగ్యశ్రీ వచ్చింది. ఎంగిలి చెయ్యి దూరంగా పట్టుకుని.

"నేను ఇప్పుడు వేసిన్నా, ఇంక వెయ్యలేదా... నాకు తెలుస్తలేదు."

ఏడాదిలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. హాల్లో వినిపించే ఉంటుంది. వినిపించనీ.

భాగ్యశ్రీ గిన్నెలోకి చూసింది. వదిన చేతిలోకి చూసింది.

"నాకు మాత్రం ఏం తెలుస్తది, నేను చూడలే కద."

ఎడమ చేత్తో గరిటె అందుకుంది. పులుసు కలిపి, ఒక చుక్క వదిన ఎడమ అరచేతిలో వదిలింది.

"చూడు."

"పొయ్యి కాడ... నేనెప్పుడు చూడలే భాగ్యా."

"అమ్మ తిన్నది. కాకి తిన్నది. మేం తిన్నం. ఇంక ఎవరికి ఎంగిలి? చూడు. నేనిక్కడనే ఉన్న."

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో లేచి, మళ్ళీ కూర్చున్నారు. నర్సింహమ్మ రేపు వస్తుందా, రాదా... ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గోడ మీద అత్తగారు ఏదో అనబోయి ఆగినట్టే ఉంది.

ఎడమ అరచేతిలో పులుసు చుక్క. గోరువెచ్చగా, గీతల్లోకి పాకుతూ.

మనోరమ ఆ చెయ్యి మెల్లగా నోటి దగ్గరికి తీసుకుపోయింది.

కుడి అరచేతిలో ఉప్పు. దొడ్డుప్పు. కొంచెం తడి. ఇంకా వదల్లేదు.